నడకకు చుక్కలు

పూర్వం పెళ్ళిచూపుల్లో పిల్ల చేత ఓ పాట పాడించి, కాగితం మీద పేరు రాయించి, ఆఖరున "ఏదమ్మా, ఆ గ్లాసు లోపల పెట్టి రా" అనేవారు. గ్లాసు మీద బెంగ ఎవరికీ ఉండేది కాదు. పిల్ల నడక చూడాలి, అదీ సంగతి. పది అడుగులు వేసి వంటింటి గుమ్మం దాటేలోగా మగపెళ్ళివారి మేనత్తగారు తేల్చేసేవారు - కాలు ఈడుస్తోందా, మడమ ఆనుతోందా, నడుం ఓ పక్కకి ఒరుగుతోందా అని. ఇదే పరీక్ష పెళ్ళికొడుక్కి పెట్టినట్టు మాత్రం ఎక్కడా వినలేదు. ఆయన కుర్చీలోంచి లేవనే అక్కర్లేదు.

మేనత్తగారి కన్ను గొప్పదే. కాని "ఎంత ఒరుగుతోంది? వైద్యం చేయిస్తే ఎంత తగ్గింది?" అని అడిగితే ఆ కన్ను జవాబు చెప్పలేదు. కన్ను పోల్చుకుంటుంది గాని కొలవదు. నడకని కొలవడానికి మనిషి ఒంటి మీద చుక్కలు పెట్టే విద్య ఒకటి పుట్టి నూట నలభై ఏళ్ళు దాటింది. ఆ చుక్కల్నే ఇప్పుడు మార్కర్లంటున్నారు. మనం ముగ్గుకి చుక్కలు పెట్టి గీతలు కలిపినట్టే, వాళ్ళు తుంటికీ మోకాలికీ చీలమండకీ చుక్కలు పెట్టి గీతలు కలుపుతారు. ఆ గీతలు ఎలా కదులుతున్నాయో చూస్తే నడక లెక్క తేలుతుంది.

"ఎక్కడో దొరల దేశాల్లో సంగతి, మనకెందుకూ" అంటారా? ఆ మాట నల్లగొండ జిల్లాలో మాత్రం అనకండి.

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే బస్సుకి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాటాక కట్టంగూర్ వస్తుంది. తర్వాత నకిరేకల్. కిటికీలోంచి చూస్తే ఎర్ర చెల్కలు, మధ్యమధ్య ఎవరో పేర్చిపెట్టినట్టు రాళ్ళగుట్టలు. ఆ రాయే ఈ కథకి మొదలు. ఈ జిల్లా గ్రానైటు రాతిలో ఫ్లోరైడు ఉంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. రాతి పగుళ్ళలో నీళ్ళు ఏళ్ళ తరబడి నిలవ ఉండి ఫ్లోరైడుని కరిగించుకుంటాయి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. నల్లగొండ జిల్లా బావుల్లో, బోరింగుల్లో దానికి ఎన్నో రెట్లు తేలిన ఊళ్ళున్నాయి. ఆ నీళ్ళకి రంగు లేదు, వాసన లేదు. అదే వచ్చిన చిక్కు. తాగగా తాగగా ముందు పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు తేలతాయి. తర్వాత ఎముకల వంతు. వెన్ను కర్రలా బిగుసుకుంటుంది. పక్కకి చూడాలంటే మెడ తిరగదు, మనిషే తిరగాలి. వెన్నులోని నరం నొక్కుకుపోతే కాళ్ళు కర్రలై నడకే పోతుంది. హైదరాబాదు న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి గారు ఏళ్ళ తరబడి దీని మీదే రాశారు.

తమాషా ఏమిటంటే, మన దేశంలో ఈ జబ్బుని మొదట పట్టించింది నడకే. అదీ మనుషుల నడక కాదు, ఎద్దుల నడక! 1930ల్లో అప్పటి నెల్లూరు జిల్లా రైతులు తమ ఎద్దులు అడుగు తీసి అడుగు వెయ్యలేకపోవడం గమనించారు. వయసులో ఉన్న ఎద్దులే కీళ్ళు బిగిసి కదలడానికి బాధపడేవి. ఎద్దు నడక రైతుకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆ తర్వాతే అవే నీళ్ళు తాగే మనుషుల సంగతి బయటపడింది. 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ ఉందని పత్రికలో ప్రకటించారు. 1945లో డావర్ అనే ఆయన హైదరాబాదు సంస్థానంలోనూ ఇదే ఎముకల జబ్బు ఉందని రాశారు. 1955లో డాక్టర్ సిద్దీఖీ నల్లగొండ జిల్లా రోగుల సంగతులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేయించారు. అలా మన నల్లగొండ పేరు లండను దాకా వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో తలుచుకుంటే సంతోషించే పని కాదనుకోండి.

1973లో కథ మరో మలుపు తిరిగింది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసే ఇద్దరు, కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి గారూ, కమలా కృష్ణస్వామి గారూ, కొత్త రకం అవిటితనాన్ని లాన్సెట్ పత్రికలో వర్ణించారు. కమల గారు తర్వాత ఆ సంస్థకే డైరెక్టరయ్యారు. పాత ఫ్లోరోసిస్‌లో వెన్ను వంగేది, ముసలితనం ముందే వచ్చినట్టుండేది. ఇది ఎదిగే పిల్లలకి, అందులోనూ మగపిల్లలకి ఎక్కువగా వస్తోంది. మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి తగులుకుంటాయి, పాదాలు దూరదూరంగా పడతాయి. దొడ్డికాళ్ళకి సరిగ్గా తిరగేసిన రూపమన్నమాట. అలాంటి పిల్లవాడు నడుస్తుంటే మోకాళ్ళు రాసుకోకుండా ఒక్కో కాలినీ చుట్టు తిప్పి వెయ్యాలి. బడికి వెళ్ళిరావడమే ఒక పని.

ఎందుకొచ్చింది ఇది? 1967లో నాగార్జునసాగర్ కాలవలకి నీళ్ళొదిలారు. పంట పండింది, మంచిదే. కాని భూమిలో నీటిమట్టం పెరిగి మట్టిలోని ఖనిజాల పొత్తు మారిందనీ, జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువయి ఒంట్లో రాగి తగ్గిపోతోందనీ, దానికి ఫ్లోరైడు తోడయి లేత ఎముకలు వంగుతున్నాయనీ శాస్త్రజ్ఞులు అనుమానించారు. 1977లో ఆ ఊళ్ళ జొన్నలు పరీక్షిస్తే మాలిబ్డినం ఎక్కువగానే కనిపించింది. జొన్నరొట్టె, జొన్నగటక తప్ప వేరే తిండి ఎరగని ఇళ్ళు అవి. ఏ తల్లీ చేసిన తప్పు కాదు.

ఇలాంటి కాళ్ళని డాక్టరు ఎలా కొలుస్తాడు? పిల్లవాణ్ణి మోకాళ్ళు ఆనించి నిలబెట్టి, రెండు చీలమండల లోపలి గుబ్బల మధ్య ఎడం ఎంతో టేపుతో చూస్తాడు. ఎడం పెరుగుతోందంటే వంపు పెరుగుతోందని. సులువే. కాని ఆ గుబ్బ ఎక్కడుందో వేలితో తడిమి పట్టాలి. వేలు తప్పితే కొలత తప్పుతుంది. మనిషి నిలబడితేనే ఇంత జాగ్రత్త కావాలి, నడుస్తుంటే? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోయినవాళ్ళ కథ భలేగా ఉంటుంది.

ప్యారిస్‌లో మారే అని ఒక వైద్య శాస్త్రజ్ఞుడుండేవాడు. పక్షి ఎగరడం, గుర్రం పరిగెత్తడం, మనిషి నడవడం, కదిలేదేదైనా సరే ఆయనకి కావాలి. 1882లో ఊరి చివర ఒక పరిశోధనశాల పెట్టి, నల్లటి తెర కట్టించి, దాని ముందు ఒళ్ళంతా నల్లబట్ట తొడిగిన మనిషిని నడిపించాడు. చేతుల పొడుగునా కాళ్ళ పొడుగునా తెల్లపట్టీలు, కీళ్ళ దగ్గర మెరిసే గుండీలు కుట్టించాడు. ఒకే ఫోటో పలక మీద వరసగా ఎన్నోసార్లు వెలుగు పడనిస్తే, నల్లమనిషి నల్లతెరలో కలిసిపోయి తెల్లగీతలే మిగిలాయి. మనిషి మాయమై నడక మిగిలింది! చుక్కల విద్యకి అదే నాంది.

తర్వాత 1891లో జర్మనీలో లైప్‌జిగ్ పట్నంలో బ్రౌనె, ఫిషర్ అని ఇద్దరు కూడారు. ఒకాయన శరీరశాస్త్రం ప్రొఫెసరు, రెండో ఆయన లెక్కల మనిషి. సైనికుడు బరువు మోస్తూ ఎలా నడుస్తాడో తేలిస్తే సైన్యానికి లాభమని ఒక సిపాయిని తెచ్చుకున్నారు. సన్నటి గాజు గొట్టాలు, కరెంటు పెడితే తళుక్కుమనేవి, ఆ సిపాయి కాళ్ళకీ చేతులకీ తోలుపట్టీలతో కట్టారు. షాకు కొట్టకుండా కింద రబ్బరు. అలంకారానికి గంటలు గంటలు పట్టింది - పెళ్ళికూతుర్ని చెయ్యడం నయం. రాత్రి చీకట్లో, నాలుగు కెమేరాల ముందు, ఆ మహానుభావుడు నడిచింది కొద్ది నిమిషాలు. ఆ కాసిని అడుగుల్ని చేత్తో లెక్కగట్టడానికి నెలలు పట్టింది. మర్నాటి ఏడాదే బ్రౌనె చనిపోతే, ఫిషర్ ఒక్కడే కూచుని 1904 దాకా విడతలు విడతలుగా ఆ లెక్కలు అచ్చు వేశాడు. ఇద్దరు పండితులకి పుస్తకాలు మిగిలాయి. సిపాయి పేరు ఎవరికీ గుర్తులేదు.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికాలో కాళ్ళు పోగొట్టుకున్న కుర్రాళ్ళు వేలల్లో తేలారు. కొయ్యకాలు బాగా చెయ్యాలంటే మంచికాలు ఎలా కదులుతుందో తెలియాలి గదా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇన్‌మన్ అనే డాక్టరు దగ్గర ఈ పని మొదలైంది. అక్కడ వాళ్ళకి ఒక పాత చిక్కు ఎదురైంది. చుక్క పెట్టేది చర్మం మీద, తెలియాల్సింది ఎముక సంగతి. రెండూ ఒకటి కావు. కుచ్చిళ్ళకి పెట్టిన పిన్ను చీరతోపాటు జారుతుంది గాని నడుంతో ఉండదు కదా, అలాగే. తొడ మీద కండ కదిలినప్పుడల్లా చుక్క ఎముక మీంచి ఒకటి రెండు సెంటీమీటర్లు కూడా జరుగుతుంది. అయితే ఏం చేశారు? స్వచ్ఛందంగా ముందుకొచ్చిన యువకుల ఎముకల్లోకే ఉక్కు పిన్నులు దించి, పైకి తేలిన కొసలకి గుర్తులు బిగించి నడిపించారు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. శాస్త్రం కోసం ఇంత ఓర్చుకున్నవాళ్ళున్నారంటే ఒళ్ళు జలదరిస్తుంది. అందరి ఎముకలకీ పిన్నులు దించలేం గనక, మళ్ళీ చర్మం మీది చుక్కే గతి అయింది. జాగ్రత్తగా పెట్టడం ఒక్కటే మార్గం.

మనం గుర్తుపెట్టుకోవలసిన ఆవిడ ఒకావిడ ఉంది. మేరీ పెట్రిషియా మర్రే. అమెరికాలో మిల్వాకీ ఊరి దగ్గర సైనికుల ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. వెలుగు పడితే మెరిసే పట్టీలు ఒంటికి అంటించి, ఆగి ఆగి వెలిగే దీపం ముందు నడిపించి ఫోటోలు తీసింది. 1964లో అరవైమంది మగవాళ్ళ నడక లెక్కలు ప్రకటించింది. ఆడవాళ్ళ లెక్కలు వచ్చింది 1970లో. ముప్ఫైమంది. మడమ ఎత్తు జోళ్ళు వేసుకుంటే నడకేమవుతుందో కూడా చూసింది - అడుగు చిన్నదవుతుంది. ఆడవాళ్ళ నడక కొలవడానికి ఆరేళ్ళు ఆగాలా అనిపిస్తుంది. పెళ్ళిచూపుల్లో మాత్రం మనమే ముందు!

ఇప్పుడు చాలా ఆస్పత్రుల్లో వాడే పద్ధతి న్యూయార్కు రాష్ట్రంలో హెలెన్ హేస్ ఆస్పత్రిలో కుదిరింది. హెలెన్ హేస్ డాక్టరు కాదు, పేరున్న నాటకాల నటి. ఆవిడ కూతురు మేరీ పందొమ్మిదేళ్ళకే, 1949లో, పోలియోతో చనిపోయింది. అవిటి పిల్లల కోసం పుట్టిన ఆ ఆస్పత్రికి 1974లో ఆ తల్లి పేరు పెట్టారు. అక్కడే 1990లో కదబ, రామకృష్ణన్, వూటెన్ అనే ముగ్గురు, చుక్కలు ఎక్కడ పెట్టాలో, ఎన్ని పెడితే చాలో ఒక వరస రాసి ప్రచురించారు. మొదటి రెండు పేర్లూ చూస్తే మన దక్షిణాది వాళ్ళే అనిపిస్తుంది, కాదూ!

చుక్కలంటే ఇప్పుడు రేగిపండంత బంతులు. రాత్రిపూట లారీ లైటు పడగానే రోడ్డు పక్క బోర్డు తళుక్కుమంటుంది చూడండి, ఆ జాతి పూతే వాటి మీదా ఉంటుంది. గదిచుట్టూ ఉన్న కెమేరాల వెలుగు వాటి మీద పడి తిరిగి కెమేరాలకే చేరుతుంది. ఒక్కో బంతి కనీసం రెండు కెమేరాల కంట పడితే గాని అది ఎక్కడుందో లెక్క తేలదు.

ఎక్కడెక్కడ పెడతారంటారా? పొట్టకి రెండు పక్కలా, లంగా బొందు కట్టే చోటుకి కాస్త కింద, చేతికి తగిలే ఎముక మొనల మీద చెరొకటి. నడుం వెనక సొట్టల నడుమ ఒకటి. మోకాలి బయటిపక్క, కాలు మడిచి చాపుతూ వేలితో తడిమితే అన్నిటికన్నా తక్కువ కదిలే చోట ఒకటి. చీలమండ బయటి గుబ్బ మీద ఒకటి. మడమ మీద ఒకటి. పాదం మీద సరిగ్గా మనం మెట్టె పెట్టుకునే వేలి మొదట్లో ఒకటి. తొడకీ పిక్కకీ చిన్న పుల్లలు నిలబెట్టి వాటి కొసన చెరొకటి - కాలు లోపలికి తిరుగుతోందో బయటికి తిరుగుతోందో ఆ పుల్లలు చెబుతాయి. తుంటి కీలు లోపలెక్కడో దాక్కుంటుంది, దాని మీద చుక్క పెట్టలేం. పొట్ట పక్క మొనల మధ్య దూరాన్ని బట్టి అది ఇక్కడుండాలి అని లెక్కకట్టుకోవాలి. ఒంట్లో కాస్త కొవ్వుంటే ఆ మొనలే దొరకవు, దాంతో తుంటి లెక్క కూడా పక్కకి పోతుంది. చీర కట్టుకుని ఈ పరీక్ష కుదరదని వేరే చెప్పక్కర్లేదు. పల్లెటూరి అమ్మలు నిక్కరు వేసుకోమనగానే సగం దారిలోనే వెనక్కి తిరుగుతారేమో. ఆ గదిలో ఒక ఆడమనిషి, ఒక తెర ఉండడం శాస్త్రానికి ఎంత అవసరమో, ఈ పద్ధతులు రాసినవాళ్ళకి తోచి ఉండదు.

ముగ్గులో ఒక చుక్క ఎడంగా పడితే గీత వంకర పోతుంది. ఇక్కడా అంతే, కాని పోయే వంకర విచిత్రంగా ఉంటుంది. తలుపు బందు నిటారుగా ఉంటే తలుపు తిన్నగా తెరుచుకుంటుంది. బందు ఒరిగితే తెరిచినకొద్దీ తలుపు పైకో కిందికో పోతుంది. మోకాలూ ఒక బందే. తొడ మీది పుల్ల కాస్త ముందుకో వెనక్కో పెట్టారనుకోండి, కంప్యూటరు మోకాలి బందు పది డిగ్రీలు పక్కకి తిరిగి ఉందని నమ్ముతుంది. అడుగు తీసేటప్పుడు మోకాలు సుమారు అరవై డిగ్రీలు మడుస్తాం. అందులో దాదాపు తొమ్మిది డిగ్రీలు పక్కవంపుగా లెక్కలోకి వస్తాయి. అంటే తిన్నని కాలు కాగితం మీద మోకాళ్ళు తగులుకునే కాలవుతుంది, లేదా దొడ్డికాలవుతుంది. నల్లగొండ పిల్లల జబ్బు ఏదో, చుక్క తప్పితే పుట్టే దొంగజబ్బు సరిగ్గా అదే!

అందుకే ఈ విద్య ఇక్కడికి వస్తే మరింత నేర్పు కావాలి. పుస్తకంలో బొమ్మ తిన్నని కాలిది. వంగిన కాల్లో గుబ్బలు పుస్తకంలో చెప్పిన చోట ఉండవు. ఫ్లోరోసిస్‌లో కండరాలు ఎముకకి అతుక్కునే చోట కొత్త ఎముక మొలుస్తుంది, వేలికి తగిలిన మొన అసలుదో మొలిచిందో పోల్చుకోవాలి. మోకాళ్ళు రాసుకునేవాళ్ళకి లోపలిపక్క చుక్క నాలుగడుగులు నిలవదు, రాలిపోతుంది. అందుకని నిలబెట్టినప్పుడు లోపలిపక్కా పెట్టి, కీలు మధ్య ఎక్కడో గుర్తుపట్టి, నడిపించేటప్పుడు తీసేస్తారు. ఈ కొలతల్లో ఎంత నిపుణులు చేసినా రెండు నుంచి ఐదు డిగ్రీల తేడా మామూలేనని 2009లో ఎన్నో పరిశోధనల్ని కలిపి చూసినవాళ్ళు తేల్చారు. కాలు గిరగిర తిరిగే లెక్కలో ఇంకా ఎక్కువే. వంపుకాలి ఎముక కోసి సరిచేసే ఆపరేషనుకి ముందు డాక్టరు ఈ కాగితం చూస్తాడు గనక, ఆ నాలుగు డిగ్రీలు ఎవరివో తెలియాలి - పిల్లవాడివా, చుక్కవా?

నడక మాటొచ్చింది గనక ఇంకో ముచ్చట. 1986లో నేచర్ పత్రికలో, కెన్యాలోని లువో, కికుయు తెగల ఆడవాళ్ళు తమ బరువులో అయిదో వంతు దాకా నెత్తిన మోస్తూ నడిచినా, ఉత్తినే నడిచినదానికంటే ఎక్కువ శక్తి ఖర్చు కావడం లేదని రాశారు. సైనికుడు వీపు మీద మోస్తే ఖర్చవుతుంది, ఈ అమ్మలకి కావడం లేదు. లైప్‌జిగ్ పండితులు సిపాయిని వదిలి నీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళని చూసి ఉంటే బావుండేది.

నీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళు నల్లగొండకి కొత్తా? ఇంటి ముందు బోరింగుంది, కొడితే వచ్చేవి ఆ నీళ్ళు. మంచినీళ్ళ బావి ఎక్కడో దూరాన. 1970ల్లో నాగపూరులోని నీరి సంస్థ వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టి దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు పెట్టారు. బకెట్టు నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగు పొడి వేసి, కలిపి, తేరనిచ్చి, పైన తేట వంచుకోవాలి. ఆ పద్ధతి ఆఫ్రికా దాకా పోయింది. ఉపాయం మంచిదే గాని రోజూ కొలిచి వేసేదెవరు, కలిపేదెవరు, అడుగున మడ్డి పారబోసేదెవరు? కూలికి పోయి పొద్దుగూకి వచ్చిన ఇల్లాలే. ఏ ఇంట్లోనైనా ఎన్నాళ్ళు సాగుతుంది?

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. నీళ్ళ గోడు ఢిల్లీకి వినిపించాలని జనం వేసిన నామినేషన్లవి. ఓటు కాగితం పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా పడింది. దేశమంతా నవ్వుకుంది, ఆ తర్వాత విన్నది. కృష్ణా నీళ్ళు పైపుల్లో రావడం కొన్ని ఊళ్ళకి ముందు, కొన్నిటికి చాలా వెనక జరిగింది. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక ఇంటింటికీ కుళాయి పెట్టారు. ఇప్పుడు పుట్టే పిల్లల పళ్ళు తెల్లగా వస్తే అదే పెద్ద లెక్క. కాని ఒకసారి వంగిన ఎముకని మంచినీళ్ళు తిన్నగా చెయ్యవు. యాభై, అరవై ఏళ్ళ వయసులో ఉన్నవాళ్ళు ఆ కాళ్ళతోనే పొలానికీ, పింఛనుకీ, మనవళ్ళ పెళ్ళిళ్ళకీ నడుస్తున్నారు.

ఈ మధ్య చుక్కలే అక్కర్లేని పద్ధతులు వచ్చాయి. బట్టలు మార్చుకోనక్కర్లేదు, మామూలు వీడియో తీస్తే చాలు, కీళ్ళు ఎక్కడున్నాయో కంప్యూటరే ఊహిస్తుంది. మన అమ్మలకి ఇదే నయం అనిపిస్తుంది. అయితే ఆ ఊహ దానికి ఎలా వచ్చింది? ముందు వేలకి వేల ఫోటోల మీద మనుషులు కూచుని, ఇది మోకాలు, ఇది చీలమండ అని చుక్కలు పెట్టి దానికి నేర్పారు. చుక్క ఒంటి మీంచి బొమ్మ మీదికి మారిందంతే. ఆ ఫోటోల్లో ఎక్కువమంది తిన్నని కాళ్ళవాళ్ళే. చీర కుచ్చిళ్ళ వెనక మోకాలు ఎక్కడుంటుందో, కట్టంగూర్ దారిలో వంగి నడిచే పెద్దమ్మ తుంటి ఎక్కడుంటుందో దానికి ఇంకా ఎవరో ఒకరు చుక్క పెట్టి చూపించాలి.